కాలువ దిగుడు, రెండో గేరు

పొద్దున బండి తాళం తిప్పే ముందు ఓదెలు ఒక పని చేస్తాడు. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు మూసుకుంటాడు. ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి, సీటు వెనక రేకు మీద వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొడతాడు. కొట్టి ఆగుతాడు. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియని ఇంటి తలుపు కొట్టి గడప బయట నిలబడ్డవాడిలా, తల కొంచెం పక్కకు వంచి వింటాడు. ఆ తర్వాతే ఇంజను.

కోరుట్లలో ఆయన షెడ్డు చుట్టుపక్కల వాళ్ళకు ఇది అలవాటైపోయింది. మొదట్లో నవ్వేవాళ్ళు. "ఏందే ఓదెలన్నా, బండిని లేపుతున్నవా? ఇంక నిద్ర పోతున్నదా?" అని చాయ్ హోటలు నుంచి కేక వేసేవాళ్ళు. ఓదెలు కూడా నవ్వి, "ముసల్దైంది తమ్మీ, పిలిస్తెగాని పలుకది" అనేవాడు. పిలుస్తున్నది బండిని కాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఓదెలు వాళ్ళది కోరుట్లకు దగ్గరి పల్లె. వరద కాలువ కట్ట కిందే ఊరు. కాలువకు అవతల మెరక, ఇవతల పల్లం. రోడ్డు మెరక మీదుగా తీరికగా వచ్చి, వంతెన దాటగానే ఒక్కసారి కిందికి దూకినట్టు దిగుతుంది. దిగుడు అడుగున మలుపు, మలుపులో తాటివనం. మిట్టమధ్యాహ్నం ఆ వనం కింద నిలబడితే, గాలి ముఖానికి తగలకపోయినా పైన ఎండుమట్టలు గరగరమంటూ ఉంటాయి.

ఓదెలు తండ్రి పోచయ్య ఆ తాటిచెట్లే ఎక్కి కల్లు గీసేవాడు. ఆ చెట్ల మీంచే పడ్డాడు. నడుమునూ చెట్టునూ కలిపి పట్టుకునే మోకు తెగలేదు, జారింది. తెగితే తాడు తప్పు అనుకోవచ్చు. జారితే ఎవరిని అనాలి? అప్పటికి చిన్న కొడుకు సాగర్ ఇంకా తొట్టెలో ఉన్నాడు. ఓదెలుకు చెట్టెక్కే ఈడు వచ్చింది. తల్లి మల్లవ్వ ఆ మోకు తీసి ఇంటి దూలానికి చుట్టి, "నా కొడుకులు భూమ్మీదనే బతుకుతరు" అంది. కులపెద్దలు అడిగితే అదే మాట, ఇంకో మాట లేదు. అట్లా ఓదెలు కోరుట్లలో లారీల షెడ్డుకు పోయి, ఉస్తాద్‌కు పానాలు, స్క్రూడ్రైవర్లు అందిస్తూ పని నేర్చుకున్నాడు.

ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం గేర్ల గురించి కాదు. పనికి వచ్చే ప్రతి బండిలో ఏదో ఒకటి కట్టి ఉంటుంది. స్టీరింగు కింద నల్లదారం, బంపరుకు నిమ్మకాయలు, అద్దం వెనక తాయెత్తు, దర్గా నుంచి తెచ్చిన పచ్చగుడ్డ, గుట్ట మీంచి తెచ్చిన ఎర్రగుడ్డ. "బండిల ఇనుము మనది, గుడ్డ వాళ్ళది. గుడ్డ ముట్టకు" అన్నాడు ఉస్తాద్. ఓదెలు ఆ మాట తప్పలేదు. ఏళ్ళు గడిచేసరికి ముట్టుకోకపోవడమే కాదు, చూడటం కూడా మానేశాడు. గుడ్డ పక్కనుంచి చెయ్యి దానంతట అదే తప్పుకుని పోయేది.

సొంతంగా షెడ్డు పెట్టాక గేరు పని అంటే ఓదెలే అన్న పేరు వచ్చింది. బండి రాగానే మూత విప్పడు. ముందు ఇంజను ఆపించి గేర్లు వేసి చూస్తాడు. తర్వాత ఇంజను నడిపించి వేస్తాడు. ఆపినప్పుడు మెత్తగా పడి, నడిచేటప్పుడు మొరాయిస్తే తప్పు క్లచ్చులో ఉన్నట్టు. రెండు తీర్లా మొరాయిస్తే గేరు డబ్బాలోనో, లివరు కింది కడ్డీలలోనో ఉన్నట్టు. "సగం రోగం ఇంజను బంద్ జేస్తనే తెలుస్తది" అంటాడు.

తమ్ముడికి బండి నేర్పింది కూడా ఆయనే. సాగర్ తొందర మనిషి. మూడో గేరులోంచి రెండోదానికి రావలసిన చోట నాలుగోది వేయబోయేవాడు. పక్క సీట్లో కూర్చున్న ఓదెలు మాట్లాడేవాడు కాదు. తన చెయ్యి తమ్ముడి చేతి మీద పెట్టి, లివరును అక్కడే అదిమి పట్టేవాడు. సాగర్ నవ్వి, "ఇడువన్నా, సమజైంది" అనేవాడు.

నేర్చుకున్నాక సాగర్ ఒక పికప్ కొన్నాడు. తెల్లది. సిరిసిల్ల నుంచి బట్ట మూటలు ఎత్తుకుని కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు వేసేవాడు. సౌమ్యతో పెళ్ళైంది, సృజన పుట్టింది. ఆ తర్వాత సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఒక్కొక్క గల్లీలో ఆగిపోతూ వచ్చాయి. సాంచాలు ఆగితే మూటలు లేవు, మూటలు లేకపోతే కిరాయిలు లేవు. ఊరి మగవాళ్ళలో సగం మంది పోయిన దారినే సాగర్ కూడా గల్ఫుకు పోయాడు. డ్రైవరు పని అని తీసుకుపోయి ఎడారిలో గొర్రెల వెంట తోలారు. కొన్నాళ్ళు ఓర్చుకుని పారిపోయాడు. పనిచ్చిన సేటు దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా బతికేవాళ్ళను అక్కడ మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయ్యాక ఒకసారి ఫోన్ చేశాడు. "అవ్వా, మంచిగనే ఉన్న. కొన్నొద్దులు ఫోన్ జెయ్య, పరేషాన్ గాకుండ్రి." అంతే. ఆ నంబరు మళ్ళీ మోగలేదు.

గల్ఫు నుంచి శవపెట్టె వచ్చినా ఆ కాలువ దిగుడు మీదుగానే రావాలి. వంతెన మీద అంబులెన్సు కనపడితే ఊళ్ళో ఆడవాళ్ళంతా బీడీల చాటలు ఒళ్ళోంచి దించి గుమ్మాల్లోకి వస్తారు. బండి మలుపు తిరిగి ఏ గల్లీలోకి పోతుందో చూసేదాకా ఎవరూ నోరు విప్పరు. ఆ ఏడాది రెండు పెట్టెలు వచ్చాయి. రెండుసార్లూ సౌమ్య గుమ్మం పట్టుకుని నిలబడింది. మల్లవ్వ మాత్రం లేవలేదు. "మనింటికి గాదు" అంది, చూడకుండానే.

ఊరికే నిలబెడితే బండి పాడవుతుందని సాగర్ పికప్‌ను ఓదెలు అప్పుడప్పుడు తిప్పేవాడు. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, జగిత్యాలలో సామాను దించేసి ఖాళీ బండితో ఇంటికి వస్తున్నాడు. వంతెన దాటాడు. బ్రేకు మీద కాలు వేసి, క్లచ్చు తొక్కి, మూడులోంచి రెండుకు లాగాడు. పడలేదు.

గేరు పడకపోతే కరకరమంటుంది. అది ఓదెలుకు కొత్త కాదు. ఈసారి ముందు కరకర లేదు. లివరు సగం దాకా వచ్చి ఆగింది. ఇంకా లాగితే వెనక్కి నెట్టింది. దాంతోపాటు చప్పుడు. టక్, టక్ అని, పొడిగా, లోతుగా. ఇనుము చప్పుడు కాదు. బాడీ వెనక నుంచి కాదు, ఇంజనులోంచి కాదు. క్యాబిన్ లోపలే, ఆయన మోకాళ్ళ దగ్గరే ఎవరో తలుపు కొడుతున్నట్టు.

బ్రేకు మీదనే దిగి తాటివనం దగ్గర బండి ఆపాడు. ఇంజను ఆపి గేరు వేస్తే నూనెలో జారినట్టు పడింది. ఇంజను నడిపించి వేశాడు, మళ్ళీ పడింది. మొదటిది, రెండోది, మూడోది, అన్నీ. చప్పుడు లేదు. పైన మట్టలు గరగరమంటున్నాయి. ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది. ఓదెలు ఆ సీటు వంక చూశాడు. చూసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు షెడ్డులో పని మొదలుపెట్టాడు. క్లచ్చు తొక్కినప్పుడు పెడలు అడుగున కొంచెం మెత్తగా ఆనినట్టు గుర్తు. కాలికింది మ్యాటు మడత పడిందేమోనని తీసి అవతల పారేశాడు. గేరు ఆయిలు దించి చూశాడు. శుభ్రంగా ఉంది, ఇత్తడి పొడి లేదు, రింగులు అరగలేదు. లివరు కింది బుష్షులు మార్చాడు. క్లచ్చుకు నూనె అందించే సిలిండర్లు పైదీ కిందిదీ కొత్తవి వేశాడు. చివరికి డబ్బా దించి క్లచ్చు ప్లేటు మార్చాడు. కోరుట్ల బజారంతా తిప్పాడు. గేర్లు పువ్వుల్లా పడ్డాయి.

సాయంత్రం ఇంటికి వస్తుంటే కాలువ దిగుడులో లివరు సగం దాకా వచ్చి ఆగింది. టక్, టక్.

ఇంటికి చేరేసరికి మల్లవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. దిగుడులో ఇంజను మొత్తుకోవడం ఊళ్ళోకి వినపడుతుంది.

"ఆగిందా?" అంది.

"ఆగిందవ్వా."

"ఊఁ" అంది. ఆ "ఊఁ"లో దిగులు లేదు. ఓదెలుకు అది ఇంకా భయమేసింది.

పట్టు పట్టి ఓదెలు ఆ బండి మీదనే షెడ్డుకు పోయొస్తుంటే, అది రోజూ మాటయింది. ఆగిందా? ఆగింది. ఊఁ. ఓదెలు భార్య సుశీల విని విని విసిగిపోయి, "ఊరందరి గేర్లు సరిజేస్తడు, ఇంటి బండి గేరు పడది. బోర్డు మీద పేరు తీసెయ్యి ఇగ" అనేది. ఊళ్ళో కొందరు పోచయ్య పడిన జాగా కదా అన్నారు. ఇంకొందరు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. పోయేటప్పుడు సాఫ్‌గా పోతుంది, ఇంటికి వచ్చేటప్పుడే ఆగుతుంది. అంటే ఇంటికి రాలేనివాడెవడో ఆపుతున్నట్టే గదా?

ఓదెలు పైకి కొట్టిపారేసేవాడు. దిగుడులో మాత్రం వేరు. లివరు మీద చెయ్యి వేస్తే, ఆ చేతి మీద ఇంకో చెయ్యి ఉన్నట్టు ఉండేది. పక్క సీటు వైపు నుంచి వచ్చిన చెయ్యి. మాట్లాడకుండా అక్కడే అదిమి పట్టి ఉంచే చెయ్యి. ఆ పట్టు తనదే. తానే నేర్పిన పట్టు. ఒకరోజు నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది: "ఇడువురా, సమజైంది." ఏం అర్థమైందో ఆయనకే తెలియదు.

చలి ముదిరాక ఒకనాడు బీడీలు కట్టలు కడుతూ సౌమ్య తల ఎత్తకుండా అడిగింది. "బావా, బండి అమ్ముదాం."

ఓదెలు తల్లి వంక చూశాడు.

"వాని బండి వాడచ్చినంక వాడే అమ్ముకుంటడు" అంది మల్లవ్వ.

"అచ్చేదాక అది తుప్పు వడతది గదా అత్తా. పిల్లను సదివియ్యాలె. బీడీలు జేసుకుంట ఎన్నొద్దులు సదివియ్యాలె నేను?"

"నా కొడుకు లేడనా నీ మాట?"

"నేనట్ల అన్ననా? నా నోట్లెకెల్లి గా మాట అచ్చిందా?" సౌమ్య చేతిలో ఆకు చిరిగింది. "ఉన్నడో లేడో నాకెరుక లేదు. నీకెరుకనా? చెప్పు, ఎట్ల ఎరుకైతదో నాకు గూడ చెప్పు."

మల్లవ్వ ఆ చిరిగిన ఆకును చాటలోంచి ఏరి అవతల పారేసింది. ఓదెలు ఆలోచనలో పడ్డాడు. బండి అమ్మాలంటే గేరు బాగుకావాలి. గేరు బాగైన రోజున అవ్వ "ఆగిందా?" అని అడిగితే, "లేదు" అనాలి. ఆ "లేదు" విని ఆమె ఏమైపోతుందో ఓదెలుకు తెలుసు. అరుగు మీద ఆ ప్రశ్న కోసమే ఆమె పొద్దంతా కూర్చుంటున్నది. అయినా సృజన మొహం చూసి సిరిసిల్ల బాలరాజుకు కబురు పెట్టాడు.

బాలరాజు సాగర్‌కు పాత దోస్తు. సాంచాలు అంతో ఇంతో మళ్ళీ ఆడుతున్నాయి, మూటలు మోయడానికి బండి కావాలి. కోరుట్లకు వచ్చి పికప్ చుట్టూ తిరిగి, టైర్లను తన్ని, "పెండ్లిపిల్లను జూసినట్టు నిలవెట్టి జూస్తె ఎట్ల? సిరిసిల్ల దాక నడిపి జూస్త. నచ్చితే ఆడనే ఉంచుకుంట, నువ్వు బస్సుల రా" అన్నాడు.

"గేరు జర గట్టిగ పడుతది ఒకకాడ" అన్నాడు ఓదెలు.

"గేర్ల డాక్టరు నువ్వే గట్లంటే మేమేం గావాలె?"

బాలరాజు నడిపాడు. ఓదెలు ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో కూర్చోవడం సాగర్‌కు నేర్పిన రోజుల తర్వాత అదే మొదటిసారి. కథలాపూర్ దాటారు. రుద్రంగి దాటారు. అటూ ఇటూ అడవి పలుచగా ఉన్న చోట రోడ్డు మెరకెక్కి, అవతలికి దిగింది. పట్టపగలు, రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. బాలరాజు బ్రేకు వేసి క్లచ్చు తొక్కి రెండుకు లాగాడు.

టక్, టక్.

"ఏందే ఇది?" బాలరాజు మళ్ళీ లాగాడు. లివరు వెనక్కి నెట్టింది. "అన్నా, లోపల ఎవడో కొడుతున్నడే!"

ఓదెలు బాలరాజు చేతి కింది లివరు వంక చూశాడు. ఇన్నాళ్ళూ అది ఆ దిగుడుదనుకున్నాడు. ఆ తాటివనానిది, ఇంటి దారిది అనుకున్నాడు. భయానికి ఒక జాగా ఉంటే మనిషి ఆ జాగా దాటి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇప్పుడది బండెక్కి తమతో వచ్చింది. మధ్యలో కూర్చున్నట్టే వచ్చింది.

"పక్కకు ఆపు" అన్నాడు. "దిగుట్లనే ఆపు. సమంగ ఉన్నకాడికి తీస్కపోకు."

ఎందుకట్లా అన్నాడో ఆ క్షణాన ఆయనకూ తెలియదు. బండి ముక్కు కిందికి వంచుకుని నిలబడింది. చక్రాల కింద రాళ్ళు పెట్టమని బాలరాజును దింపి, ఓదెలు రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు.  ఇంటికి రావాలనుకునే తమ్ముడు ఇంటి దారిలో ఆపుతాడు. రుద్రంగి అడవిలో వాడికేం పని? ఆ ఒక్క ప్రశ్న దగ్గర భయం కొంచెం పక్కకు జరిగింది, లోపలి మెకానిక్ లేచి నిలబడ్డాడు. అక్కడా దిగుడే, ఇక్కడా దిగుడే. అక్కడా ఖాళీ బండే, ఇక్కడా ఖాళీ బండే. మూటలుంటే వెనక కుంగి ముక్కు లేస్తుంది, ఖాళీ అయితే ముక్కు వంగుతుంది. బ్రేకు వేస్తే ఇంకా వంగుతుంది. ఇంజను ఆపితే గేర్లు పడుతున్నాయి, కాబట్టి తప్పు క్లచ్చుదే. క్లచ్చులో మార్చనిదేం మిగల్లేదు, తొక్కే పెడలు తప్ప. షెడ్డు నేల సమంగా ఉంటుంది. సమంగా ఉన్న నేల మీద వంగిన బండి రోగం ఎట్లా దొరుకుతుంది?

డ్రైవరు తలుపు తీసి, నేల మీద మోకాళ్ళూని, తల పెడళ్ళ కిందికి దూర్చాడు. చేత్తో క్లచ్చు పెడలు నొక్కాడు.

పెడలు వెనక ఒక తలకాయ ఉంది.

ఓదెలు వెనక్కి పడ్డంత పని అయింది. మళ్ళీ చూశాడు. గుడ్డ చుట్టిన మూట. మనిషి తలంత లేదు, చిన్న పిల్లవాడి తలంత. ఒకప్పుడు ఎర్రగా ఉండి దుమ్ముకు నల్లబడిన గుడ్డ. పైన డాష్‌బోర్డు సందులోంచి ఒక తాడుకు వేలాడుతూ, బండి వాలు వాలినట్టు ముందుకు ఊగి పెడలు వెనక ఆనుకుని ఉంది. పెడలు నొక్కితే పూర్తిగా పోకుండా ఆ గుడ్డ మీద మెత్తగా ఆగుతున్నది. క్లచ్చు పూర్తిగా వదలడం లేదు. వదలని క్లచ్చు మీద గేరు ఎట్లా పడుతుంది? వేలితో మూటను కదిపాడు. లోపల పొడిగా ఏదో దొర్లింది. టక్.

టెంకాయ. నీళ్ళింకి, కుడుక ఎండి, చిప్ప నుంచి విడిపోయి లోపల ఆడుతున్న టెంకాయ.

తాడు కొసను పట్టుకుని చూశాడు. అది మార్కెట్లో దొరికే తాడు కాదు. దూలానికి చుట్టి ఉన్న తండ్రి మోకులోంచి విప్పిన పేట. ముడి తన ఇంట్లో పుట్టిన ఎవరైనా గుర్తుపట్టే ముడి. సంవత్సరమంతా బరువుకు సాగి సాగి, కొంచెం కొంచెంగా కిందికి జారింది.

ఇంకో సంగతి గుర్తొచ్చి ఓదెలు సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. ఈ గుడ్డను తాను మొదటి రోజే చూశాడు. సిలిండరు మార్చిన రోజు దాని పక్కనుంచే చెయ్యి పోనిచ్చాడు. ఇనుము మనది, గుడ్డ వాళ్ళది. అది తన ఇంటి గుడ్డే అని తెలియలేదు.

బాలరాజు కూడా వంగి చూసి పెద్దగా ఊపిరి వదిలాడు. "దీని తల్లి! గింతసేపు దయ్యమనుకున్న. కొయ్యన్నా, నా దగ్గర బ్లేడున్నది. కోసి పారేస్తె బండి నాది."

"ముడుపది" అన్నాడు ఓదెలు.

బాలరాజు బ్లేడు చొక్కా జేబులోనే పెట్టుకున్నాడు.  ముడుపు అంటే ఏమిటో ఆయనకు చెప్పనక్కరలేదు. మొక్కు తీరినరోజే దాన్ని విప్పాలి. మనిషి ఇక రాడని తెలిస్తే పారే నీళ్ళలో వదలాలి. మూడో దారి లేదు.

మూట కిందికి వేలాడకుండా తాడును పైకి మడిచి బిగించి, ఓదెలే బండి తిప్పాడు. బాలరాజును కథలాపూర్‌లో బస్సెక్కించాడు. పొద్దు వాలుతుండగా వంతెన దాటాడు. బ్రేకు, క్లచ్చు, మూడులోంచి రెండు. పడింది. చప్పుడు లేకుండా, అడ్డం లేకుండా పడింది. ఇన్ని నెలలుగా కోరుకున్నదే. అయినా మలుపు దగ్గరికి వచ్చేసరికి ఓదెలు కళ్ళు మసకబారి బండి ఆపాల్సి వచ్చింది. చేతి మీద ఏ చెయ్యీ లేదు.

మల్లవ్వ అరుగు మీద ఉంది. బండి దిగుడులో మొత్తుకోలేదని ఆమెకు అప్పటికే తెలుసు.

"ఆగిందా?"

ఓదెలు మూట ముడి ముట్టకుండా, డాష్‌బోర్డు సందులోంచి తాడు కొసను మాత్రం విప్పి, మూటను రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి ముందు నిలబడ్డాడు. సౌమ్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇప్పినవా?" మల్లవ్వ గొంతు పూర్తిగా మారిపోయింది.

"ఇప్పలేదవ్వా. ముడి అట్లనే ఉన్నది. నువ్వేనా కట్టింది?"

"నేను గాక ఇంకెవలు కడుతరు? కొండగట్టు అంజన్నకు మొక్కిన. వాడచ్చినంక నడిచి గుట్టెక్కి సామి ముంగట ఇప్పుత."

"దేవుని అర్రల కట్టాలె గని బండిల కడుతరా?"

"అర్రల కడితే గీ కోడలు పిల్ల పొద్దుమాపు జూసి ఏడువాలె. కనవడకుంట కట్టిన. బండంటే వానికి పానం. వాని పానం ఉన్నకాడ కట్టిన."

"అది జారి పెడలు ఎనుకకు అచ్చిందే అవ్వా. గందుకే గేరు ఆగుతున్నది. ఇంకేం లేదు."

"కాళ్ళకు తాకిందా?" మల్లవ్వ అదిరిపడి మూటను తీసుకుని కళ్ళకద్దుకుంది. "నేను పైన సందుల కట్టిన కొడుకా. మోకు జారుతదని నాకెరుక లేదు."  మోకు జారిందన్న మాట పోచయ్య పోయాక ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

తర్వాత ఆమె మూటను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. టక్. ముడతల ముఖం విచ్చుకుంది.

"ఆడుతున్నది. కుళ్ళితే వాడు లేనట్టు. గిట్ల ఎండి ఆడుతున్నదంటే వాడున్నట్టు. నువ్వు దిగుట్ల గేరుతోని కొట్లాడంగ ఇది లోపల ఆడుతదని నాకు ఎరుకే. గందుకే అడుగుత రోజు, ఆగిందా అని."

ఇన్ని నెలలుగా ఓదెలును వణికించిన చప్పుడు, ఆమెకు కొడుకు ఊపిరి.

సౌమ్య చెయ్యి చాచింది. మల్లవ్వ ఒక క్షణం వెనకాడి ఇచ్చింది. సౌమ్య ఊపింది. విన్నది. మళ్ళీ ఊపింది. బీడీల పొగాకు అంటిన వేళ్ళు గుడ్డ మీద బిగుసుకున్నాయి.

"ఎండిన కుడుక గదా బావా" అంది. "ఎండితే ఏ కుడుకైన ఆడుతది."

"అవు" అన్నాడు ఓదెలు.

ఆమె మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడింది. సృజన వచ్చి కొంగు లాగినా కదలలేదు.

"బాలరాజన్నకు బండి ఇయ్యకు" అంది చివరికి. "ఇంట్ల కడితే ఇది ఊకనే ఉంటది, ఆడది. నేను రోజు ఊపి జూసుకుంట కూసుండాలె. నాతోని గాదు. బండి తిరుగుతనే ఉంటె ఇది ఆడుతనే ఉంటది. నువ్వు నడుపు బావా. అచ్చిన కిరాయి పిల్లకు వెట్టు."

ఓదెలు ముడి విప్పకుండా మూటను సీటు వెనక, రేకుకూ సీటుకూ మధ్య ఉన్న ఇనుప కడ్డీకి కట్టాడు. ఈసారి మోకు పేట కాదు, కొత్త తాడు. తండ్రి మోకు పేటను మళ్ళీ దూలానికి చుట్టాడు. బండి బాలరాజు కొనలేదు కాని మూటలు ఇచ్చాడు. "ముడుపున్న బండిల నా బట్ట గూడ సల్లగుంటది" అన్నాడు, సగం వేళాకోళంగా, సగం కాకుండా.

ఆ తర్వాత గేరు ఎప్పుడూ ఆగలేదు. ఒక్క విషయం మాత్రం ఓదెలు ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఖాళీ బండితో వస్తూ తాటివనం కింద నీళ్ళు తాగడానికి ఆపాడు. ఇంజను ఆపాడు. సమంగా ఉన్న నేల, చక్రాలు కదలడం లేదు. పైన మట్టలు కూడా ఆ కాసేపు గరగర మానేశాయి. సీసా నోటి దగ్గర పెట్టుకోగానే వీపు వెనక చప్పుడయింది. రెండుసార్లు.

ఇనుము వేడికి సాగితే చప్పుడు చేస్తుందని ఆయనకు తెలుసు. తాడు సర్దుకుంటే మూట కదులుతుందనీ తెలుసు. దిగి, సీటు ముందుకు వంచి చూశాడు. తాడు బిగువుగానే ఉంది. మూట కదలకుండా ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత ఏమనిపించిందో, వేళ్ళ కణుపులతో రేకు మీద రెండుసార్లు కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు.

ఇప్పుడు ఓదెలుకు యాభై దాటాయి. పొద్దున సిరిసిల్లకు బండి నడుపుతాడు, మధ్యాహ్నం నుంచి షెడ్డు తెరుస్తాడు. సృజన జగిత్యాలలో కాలేజీకి పోతున్నది. సాగర్ నుంచి ఫోన్ రాలేదు. బండి ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది.